‘తిరస్కరించబడింది’ సరే, తిరస్కరించింది ఎవరు?

పోస్టు: ఒక నెట్‌వర్క్ సాఫ్ట్‌వేర్ ఎర్రర్ మెసేజీలను తెలుగులోకి తెస్తున్నాను. ‘కనెక్షన్ రిఫ్యూజ్డ్’ దగ్గర రెండు రోజులుగా ఆగిపోయాను. ప్రస్తుతానికి ‘కనెక్షన్ తిరస్కరించబడింది’ అని రాసుకున్నాను. వ్యాకరణం తప్పేమీ లేదు గానీ చదివితే నోటీసు బోర్డు చదివినట్టుంది. దాని కిందే ‘కనెక్షన్ టైమ్డ్ అవుట్’ ఉంది. ‘సమయం ముగిసింది’ అన్నాను. అది పరీక్ష హాల్లో గంట కొట్టినట్టుంది. ఈ రెంటికీ అసలు తేడా ఏమిటో సర్వర్ల పని చేసేవాళ్లు చెబితే, మాట నేను వెతుక్కుంటాను.

జవాబు: చిక్కంతా మీ ‘బడింది’లోనే ఉందండీ. ‘బడు’ తగిలించగానే కర్త మాయమైపోతాడు. ఎర్రర్ చదివేవాడు వెతికేది ఆ కర్తనే.

కనెక్షన్ కావాలంటే మన మెషీన్ ముందుగా సిన్ అనే ప్యాకెట్ (‘కలవొచ్చా’ అని అడిగే చిన్న డేటా పొట్లం) పంపుతుంది. అవతలి మెషీన్ నడుస్తూనే ఉండి, మనం అడిగిన పోర్టు (మెషీన్‌లో ఒక్కో సర్వీసుకు ఉండే నంబరు తలుపు) దగ్గర వినే ప్రోగ్రామ్ ఏదీ లేకపోతే, దాని కెర్నల్ (ఆపరేటింగ్ సిస్టమ్ గుండెకాయ) వెంటనే ఆర్‌ఎస్‌టీ, అంటే రీసెట్, అనే ప్యాకెట్ వెనక్కి పంపుతుంది. అదే రిఫ్యూజ్డ్. నిజానికి ఇది సగం మంచి కబురు: దారి ఉంది, మెషీన్ లేచే ఉంది, సర్వీసే పడుకుంది.

టైమ్డ్ అవుట్‌లో అవతలి నుంచి ఉలుకూ పలుకూ లేదు. ఫైర్‌వాల్ (నెట్‌వర్క్ రాకపోకలకు కాపలా కాసేది) మన ప్యాకెట్‌ను చడీచప్పుడు లేకుండా పారేసి ఉండొచ్చు, ఐపీ అడ్రస్ తప్పు కావచ్చు, మెషీనే ఆగిపోయి ఉండొచ్చు. లినక్స్ మామూలు సెట్టింగుల్లో ఆ సిన్‌నే మళ్లీ మళ్లీ, మధ్యలో ఎడం పెంచుకుంటూ పంపి, రెండు నిమిషాలు దాటాక ఆశ వదులుకుంటుంది. అంటే ఈ మాట అన్నది అవతలివాళ్లు కాదు, మన మెషీనే. మీ ‘సమయం ముగిసింది’లో ఎవరి సమయమో, ఎవరు చూసి చూసి విసిగారో లేదు.

అందుకే నేను మెసేజ్ కన్నా ముందు గడియారం చూస్తాను. చిటికెలో వచ్చిందంటే ఎవరో ఒకరు జవాబిచ్చారు. ఇది నాకు ఊరికే రాలేదు లెండి. ఒకసారి ‘రిఫ్యూజ్డ్’ కళ్లెదురుగా కనిపిస్తుంటే రాత్రి రెండింటి దాకా ఫైర్‌వాల్ రూల్స్ తిరగేశాను. తీరా చూస్తే డేటాబేస్ 127.0.0.1 మీద మాత్రమే వింటోంది. అంటే ఆ మెషీన్‌లోంచి వచ్చేవాళ్లకే దాని చెవి తెరిచి ఉంది, బయటివాళ్లకి ఆ పోర్టు లేనట్టే. ఒక్క లైను మారిస్తే పోయింది.

మరొకరు: అయితే ‘అవతలి మెషీన్ ఒప్పుకోలేదు’ అంటే సరిపోదా?

జవాబు: ‘ఒప్పుకోలేదు’లో మౌనం కూడా ఇమిడిపోతుంది. అడిగినా పలకని మనిషిని కూడా ఒప్పుకోలేదనే అంటాం కదా. ఇక్కడ ప్యాకెట్ నిజంగా వెనక్కి వచ్చింది. ‘తిప్పికొట్టింది’ అంటే ఎలా ఉంటుంది?

ఇంకొకరు: ‘తిప్పికొట్టింది’ బాగుంది. కానీ కర్త లేడని బాధపడి, లేని కర్తను కల్పించకండి. మధ్యలో ఉన్న ఫైర్‌వాల్ కూడా ఆర్‌ఎస్‌టీ పంపగలదు, అది అవతలి మెషీన్ అడ్రసుతోనే వస్తుంది. మనకు తేడా తెలియదు. అందుకని ‘అవతలి మెషీన్’ వద్దు, ‘అవతలి వైపు’ అనండి. ‘కనెక్షన్ రీసెట్ బై పీర్’లో పీర్‌కి (కనెక్షన్‌లో ఎదుటి కొసకి) కూడా అదే మాట పనికొస్తుంది. దయచేసి ‘సహచరుడు’ అనొద్దు, చదివితే ప్రయాణంలో ఎవరో అలిగి దిగిపోయినట్టుంటుంది.

ఈ ‘రీసెట్’ కూడా మోసపు మాటే. బటన్ నొక్కి మళ్లీ మొదలుపెట్టారేమో అనిపిస్తుంది. జరిగింది మాత్రం, నడుస్తున్న కనెక్షన్‌ను మధ్యలో తెంచేయడం. కర్త తెలిస్తే ‘అవతలి వైపు తెంచేసింది’. తెలియకపోతే ‘కనెక్షన్ తెగింది’. తెంచు, తెగు. ఆపు, ఆగు. విరుచు, విరుగు. ఇన్ని జంటలు చేతిలో పెట్టుకుని ‘తెంచబడింది’, ‘ఆపబడింది’ అని రాయడం ఎందుకో నాకు అర్థం కాదు.

పోస్టు పెట్టినవారు: ఇది నా ఫైలు సగం మార్చేసేలా ఉంది. సరే, బ్రౌజర్లో కనిపించే ‘502 బ్యాడ్ గేట్‌వే’ సంగతేమిటి? మెషీన్ అనువాదం ‘చెడ్డ ద్వారం’ అంటోంది.

జవాబు: పాపం, ఆ మాట మోసుకొచ్చిందే గేట్‌వే, అంటే మనకూ వెనకున్న అసలు సర్వర్‌కూ మధ్య నిలబడే సర్వర్. చెడ్డది తను కాదు. వెనకున్న సర్వర్‌ను అడిగితే పనికొచ్చే జవాబు రాలేదని మనకు చెబుతోంది. అసలు జవాబే సమయానికి రాకపోతే 504 అంటుంది. బ్రౌజర్లో ఇంతకు మించి కనిపించదు. గేట్‌వేగా వాడే ఎన్‌జిన్‌ఎక్స్ అనే సాఫ్ట్‌వేర్ ఎర్రర్ లాగ్ (తప్పులు రాసుకునే ఫైలు) తెరిస్తే అక్కడ ‘111: కనెక్షన్ రిఫ్యూజ్డ్, వైల్ కనెక్టింగ్ టు అప్‌స్ట్రీమ్’ (వెనక సర్వర్‌కు కలుపుతుండగా) అని ఉంటుంది. బయట 502, లోపల మన పాత ‘రిఫ్యూజ్డ్’. 111 అనేది లినక్స్‌లో దాని నంబరు. అదే ‘110, వైల్ రీడింగ్ రెస్పాన్స్ హెడర్’ (టైమ్డ్ అవుట్, జవాబు మొదటి భాగం చదువుతుండగా) అని ఉంటే బయటికి 504 వస్తుంది. అప్పుడు కనెక్షన్ కుదిరిందని, వెనక సర్వర్ అడిగిన పనిలో పడి తేలడం లేదని అర్థం. ఆ ‘వైల్’ తర్వాతి ముక్కను చాలామంది చదవరు. పని ఏ మెట్టు మీద ఆగిందో చెప్పేది అదే.

అప్‌స్ట్రీమ్‌కి ‘ఎగువ’ సరిగ్గా సరిపోతుంది. జవాబు అక్కణ్నుంచి మన దాకా పారి వస్తుంది మరి. పైగా ఇంగ్లీషులో చివర వేలాడే ‘వైల్’ తెలుగులో ముందుకొస్తుంది: ‘ఎగువ సర్వర్‌కు కలుపుతుండగా అవతలి వైపు తిప్పికొట్టింది (111)’. అంకెను మాత్రం ముట్టుకోకండి. రాత్రిపూట వెతుక్కునేవాడు దాన్ని పట్టుకునే వెతుకుతాడు.

మరొకరు: ఇంగ్లీషు మూలాన్ని అంత గౌరవించక్కర్లేదు కూడా. 502 లాంటిదే మరో వెబ్ కోడ్ 401ని ‘అన్‌ఆథరైజ్డ్’ అన్నారు గానీ దాని అసలు అర్థం ‘మీరెవరో రుజువు చూపండి’. ‘అడిగింది అర్థమైంది, ఇవ్వను’ అనేది 403. హెచ్‌టీటీపీలో (వెబ్ నడిచే పద్ధతి), ఏ పేజీ నుంచి వచ్చామో చెప్పే ‘రిఫరర్’ స్పెల్లింగులో ఒక ‘ఆర్’ జారిపోయి, ఆ పద్ధతిని వివరించే 1996 నాటి పత్రం ఆర్‌ఎఫ్‌సీ 1945లో అలాగే అచ్చయి, ఇప్పటికీ అలాగే నడుస్తోంది.

పోస్టు పెట్టినవారు: మార్చాను. ‘అవతలి వైపు కనెక్షన్‌ను తిప్పికొట్టింది (111)’, ‘జవాబు రాలేదు, ఎదురుచూడటం ఆపేశాం (110)’, ‘అవతలి వైపు మధ్యలో తెంచేసింది (104)’. 502కి ‘ఎగువ సర్వర్ నుంచి సరైన జవాబు రాలేదు’. ‘బ్రోకెన్ పైప్’ ఒక్కటే మిగిలింది. ‘పైపు పగిలింది’ అంటే జనం ప్లంబర్‌ను పిలుస్తారేమోనని భయంగా ఉంది.

జవాబు: అవతలి వైపు ఎప్పుడో మూసేసుకుంది, మనం ఇంకా రాస్తూనే ఉన్నాం. అదీ సంగతి. వెబ్ సర్వర్ లాగుల్లో ఇది తరచూ కనబడుతుంది. పేజీ వస్తుండగానే చదివేవాడు ట్యాబ్ మూసేశాడన్నమాట, చాలాసార్లు టెన్షన్ పడక్కర్లేదు.

పోస్టు పెట్టినవారు: అయితే ‘రాస్తుండగా అవతల అందుకునేవాళ్లు లేరు (32)’. పైపు తీసేశాను.