ట్రైలర్ టైరు లోపలి అంచే అరుగుతోంది: యాక్సిల్ తప్పా, బరువు తప్పా?

ఆస్టిన్_శేఖర్
మాది రెండు యాక్సిల్‌ల (ఇరుసుల) ట్రావెల్ ట్రైలర్, బండి వెనక తగిలించి లాక్కెళ్లే చిన్న ఇల్లు లాంటిది. ఒక్కో యాక్సిల్ రేటింగ్ (మోయగల బరువు) 3,500 పౌండ్లు. టైర్ల సైజు ఎస్‌టీ 205/75 ఆర్ 14, లోడ్ రేంజ్ (ఎంత బరువు మోస్తాయో చెప్పే అక్షరం) సీ. కుడివైపు వెనక టైరు లోపలి అంచు నున్నగా అరిగిపోయింది. మిగతావి పైకి బాగానే కనిపిస్తున్నాయి. డీలర్ కిందికి వంగి చూడను కూడా లేదు, "ఓవర్‌లోడ్ చేశారు, వారంటీ రాదు" అనేశాడు. ట్రక్ స్టాప్‌లో తూకం వేయించాను. ట్రైలర్ చక్రాల మీద 6,780 పౌండ్లు వచ్చింది, రేటింగ్ 7,000. ఇక ఓవర్‌లోడ్ ఎక్కడ? కార్ల అలైన్‌మెంట్ షాపుల వాళ్లు ట్రైలర్ అనగానే మా వల్ల కాదంటున్నారు. వచ్చే వారం పిల్లలతో, ఇండియా నుంచి వచ్చిన అమ్మానాన్నలతో బిగ్ బెండ్ నేషనల్ పార్క్‌కి వెళ్లాలి. నాలుగు టైర్లూ మార్చేసి వెళ్లిపోవచ్చా? ముందు యాక్సిల్ సంగతి తేల్చుకోవాలా?

వేణు_ప్లేనో
శేఖర్ గారూ, మీ లెక్క మీరే మళ్లీ చూడండి. ఆ సైజు లోడ్ రేంజ్ సీ టైరు 50 పీఎస్‌ఐ గాలి ఉన్నప్పుడు మోయగలిగింది 1,760 పౌండ్లు. నాలుగూ కలిపితే 7,040. మీ ట్రైలర్ 6,780. అంటే టైరుకి సగటున 65 పౌండ్లే మిగులు. అదీ బరువు నాలుగు చక్రాల మీద సమానంగా ఉంటేనే. ట్రక్ స్టాప్ తూకం రెండు యాక్సిల్‌లకీ కలిపి ఒకే అంకె ఇస్తుంది. ఏ చక్రం మీద ఎంత పడుతోందో అందులో తెలియదు. మీ వంటగది, ఫ్రిజ్, స్లైడ్ అవుట్ (బయటికి జరిపే గది భాగం) ఏ వైపు ఉన్నాయి? కుడివైపే అయితే అక్కడి టైర్లు ఇప్పటికే పరిమితి దాటి ఉంటాయి.

ఇంకో మాట. ఐ-10 మీద పశ్చిమ టెక్సస్‌లో 80 మైళ్ల బోర్డు ఉంటుంది. ఆ బోర్డు కార్లకి. టైరు పక్కన వేగం అక్షరం చూడండి. ఎల్ అంటే 75, ఎమ్ అంటే 81. అక్షరమే లేకపోతే 65 దాటకూడదు.

రమణ_ఆటోనగర్
బరువు ఎక్కువైతే రెండు కుడి టైర్లూ అరగాలి కదా వేణు గారూ. ఒక్కటే, అదీ లోపలి అంచే అరిగిందంటే చక్రం కూర్చున్న తీరు తేడాగా ఉందని. మాది విజయవాడ ఆటోనగర్‌లో లారీల కుటుంబం. ఇప్పుడు హ్యూస్టన్‌లో ఉంటున్నాను. టైరు చూస్తే చాలు, బండి కింద ఏం జరుగుతోందో తెలుస్తుంది. గాలి ఎక్కువైతే మధ్యలో అరుగుతుంది. తక్కువైతే రెండు అంచులూ. గుంటలు గుంటలుగా పోతే బ్యాలెన్స్ లేదనో, బేరింగ్ వదులుగా ఉందనో అనుకోవాలి. ఒకే అంచు పోయిందంటే క్యాంబరో, టోనో చూడాలి.

శేఖర్ గారూ, అరిగిన చోట అరచేత్తో అడ్డంగా రాయండి. రెండు దిక్కులా నున్నగా ఉంటే చక్రం పైభాగం లోపలికి వంగినట్టు, అది క్యాంబర్. ఒక దిక్కున నున్నగా, ఇంకో దిక్కున రంపపు పళ్లలా గీసుకుంటే చక్రం నేరుగా కాకుండా పక్కకి చూస్తూ దొర్లుతోంది, అది టో.

సునీత_టెంపే
బేరింగ్ వదులుగా ఉందేమో చూశారా? జాకీ మీద లేపి చక్రం పైన, కింద పట్టుకుని ఊపండి. నిమిషం పని.

వేణు_ప్లేనో
రమణ గారూ, క్యాంబర్ ఎందుకు మారుతుందో కూడా చెప్పండి మరి. యాక్సిల్ ట్యూబ్‌ని తయారుచేసేటప్పుడే మధ్యలో కాస్త పైకి వంచుతారు. బరువు పడ్డాక చక్రాలు నిలువుగా రావాలని. పరిమితికి మించి బరువు పడితే ఆ వంపు పోతుంది, చక్రం పైభాగం లోపలికి వాలుతుంది, లోపలి అంచు అరుగుతుంది. అంటే మళ్లీ బరువు దగ్గరికే వచ్చాం.

రమణ_ఆటోనగర్
బరువు వల్ల వంగితే ట్యూబ్ మధ్యలో వంగుతుంది, రెండు చక్రాలూ వాలతాయి. ఎడమ టైరు లోపలి అంచు కూడా పోవాలి. పోలేదంటున్నారు కదా! చదవకుండా జవాబు రాయకండి.

కిశోర్_ఎడిసన్
ఇంత టెన్షన్ ఎందుకు? లోడ్ రేంజ్ డీ వేసేయండి, 2,040 పౌండ్లు మోస్తాయి.

సునీత_టెంపే
కిశోర్ గారూ, డీ టైరుకి 65 పీఎస్‌ఐ కావాలి. రిమ్ అంత గాలి తట్టుకుంటుందో లేదో రిమ్ మీద ముద్ర చూశాకే వేయాలి. పైగా టైరు మార్చినంత మాత్రాన యాక్సిల్ 3,500 కంటే ఎక్కువ మోయదు.

ఆస్టిన్_శేఖర్
అందరికీ థ్యాంక్స్. బేరింగ్ గట్టిగానే ఉంది. చేత్తో రాస్తే ఒక దిక్కున గీసుకుంటోంది. రమణ గారు అడిగారని ఎడమ వెనక టైరు టార్చి వేసి చూశాను. దాని బయటి అంచు కొంచెం అరిగి ఉంది. ఇంతకుముందు గమనించలేదు.

రమణ_ఆటోనగర్
దొరికింది! కుడి టైరు లోపలి అంచు, ఎడమ టైరు బయటి అంచు. అంటే వెనక యాక్సిల్ మొత్తం అడ్డంగా తిరిగి ఉంది, చక్రాలు రెండూ కుడివైపు చూస్తున్నాయి. చదునైన నేల మీద నిలిపి, రెండు వైపులా ముందు చక్రం హబ్ (చక్రం నడిమి భాగం) మధ్య నుంచి వెనక చక్రం హబ్ మధ్య దాకా టేపుతో కొలవండి. రెండు కొలతలకీ తేడా అంగుళంలో పదహారో వంతు మించకూడదు. తర్వాత కప్లర్ (ట్రైలర్‌ని బండికి తగిలించే భాగం) మధ్య నుంచి ముందు యాక్సిల్ రెండు చివరలకీ కొలవండి. అక్కడ ఎనిమిదో వంతు దాకా ఫర్వాలేదు. కుడివైపు వెనక హబ్ దూరం ఎక్కువ వస్తుంది, రాసిపెట్టుకోండి.

ఆస్టిన్_శేఖర్
కొలిచాను. ముందు యాక్సిల్ సరిగ్గానే ఉంది. హబ్‌ల మధ్య దూరం ఎడమకంటే కుడివైపు పావు అంగుళం ఎక్కువ.

రమణ_ఆటోనగర్
కమాన్ పట్టీల వెనక చివరని ఫ్రేమ్‌కి తగిలించే హ్యాంగర్ చూడండి. వెనక యాక్సిల్‌ని స్థానంలో పట్టుకునేది అదే. అది వెనక్కి వంగి ఉండాలి, లేదా అక్కడి బుష్ (బోల్టు చుట్టూ ఉండే చిన్న గొట్టం) అరిగి బోల్టు రంధ్రం సాగి ఉండాలి. చాలా ట్రైలర్లకి ఫ్యాక్టరీలో ప్లాస్టిక్ బుష్‌లే వేస్తారు. కంచు బుష్‌లు, గ్రీజు ఎక్కించే బోల్టులు వేయించుకోండి. డీలర్‌ని మాత్రం వదలొద్దు. కొన్నవాడి మీదకి నెట్టేయడం వాళ్లకి అలవాటే. మా నాన్నగారి లారీకి కొత్తలోనే యాక్సిల్ తేడా వస్తే ఏళ్లపాటు "లోడ్ ఎక్కువేశారు" అనే మాటే చెప్పారు. వేణు గారు ఇక్కడ అదే పాట పాడుతున్నారు.

వేణు_ప్లేనో
నేను డీలర్ తరఫున మాట్లాడుతున్నానా? హ్యాంగర్ ఎందుకు వంగుతుంది? నిండా బరువేసుకుని క్యాంప్‌గ్రౌండ్ ఇరుకు మలుపులో తిప్పితే రెండు యాక్సిల్‌ల టైర్లూ పక్కకి ఈడ్చుకుంటాయి. ఆ తోపు హ్యాంగర్ మీదే పడుతుంది. మీరు తిప్పితిప్పి తయారీదారు మీదే పెడుతున్నారు.

రమణ_ఆటోనగర్
ట్రైలర్ అన్నాక మలుపు తిరగదా? మలుపుకే వంగే హ్యాంగర్ పెట్టి అమ్మినవాడిదే తప్పు. 7,000 పౌండ్ల యాక్సిల్‌ల కింద 7,040 పౌండ్ల టైర్లు పెట్టి అమ్మినవాడిదే తప్పు. ఆ లెక్క చెప్పింది మీరే. చెప్పి మళ్లీ శేఖర్ గారినే దోషిని చేస్తున్నారు. మీలాంటివాళ్ల వల్లే కంపెనీలు తప్పించుకుంటున్నాయి.

వేణు_ప్లేనో
మాటలు జాగ్రత్త రమణ గారూ. మా ట్రైలర్ టైరు అబిలీన్ దాటాక పేలింది. ఊడిన ట్రెడ్ (టైరు పైపొర) చక్రం పైన నేలని చీల్చుకుని లోపలికొచ్చింది, గ్యాస్ పైపు వంగిపోయింది. వెనక కూర్చున్న నా కూతురు ఆ చప్పుడు తర్వాత చాలా కాలం హైవే అంటే భయపడింది. మాకూ వారంటీ ఇవ్వలేదు. నా కోపం మీ కొలతల మీద కాదు. ఎవరి తప్పో మీరు వాదించుకుంటున్నారు. ఈయన వచ్చే వారం పెద్దవాళ్లని, పిల్లల్ని ఎక్కించుకుని అదే ట్రైలర్ లాక్కుని వెళ్లబోతున్నారు. "హ్యాంగర్ తేడా, కంపెనీ తప్పు" అని మీరు తేల్చేస్తే ఆయన కొత్త టైర్లు వేసుకుని బయల్దేరిపోతారు. బరువు తగ్గించండి అన్న నా మాట ఇక చెవికెక్కదు.

రమణ_ఆటోనగర్
అది ముందే చెప్పాల్సింది. వెళ్లమని నేనెక్కడా అనలేదు. అడ్డంగా ఉన్న యాక్సిల్ మీద కొత్త టైర్లు వేయడం డబ్బు రోడ్డుకి రుద్దడమే. అయినా బరువే మూలం అంటే ఒప్పుకోను.

ఆస్టిన్_శేఖర్
పెద్ద లారీల ఫ్రేమ్, యాక్సిల్ పని చేసే షాపు ఒకటి దొరికింది. వాళ్లకి తీరిక మా ప్రయాణం తేదీ దాటాకే. కాబట్టి ట్రైలర్ ఇంటి దగ్గరే. బిగ్ బెండ్‌కి కారులో వెళ్లి గదులు తీసుకుంటున్నాం. అమ్మకి కాస్త నిరాశే.

సునీత_టెంపే
షాపులో అడిగి రెండు హ్యాంగర్ల మధ్య అడ్డ బ్రేస్ (బిగించి పట్టే కడ్డీ) వేయించుకోండి. మలుపుల్లో ఆ తోపుని అదే కాస్తుంది.

రమణ_ఆటోనగర్
పాత టైరు పారేయొద్దు. దాని మీద డాట్ కోడ్ చివరి నాలుగు అంకెలు (తయారైన వారం, సంవత్సరం అవే) కనిపించేలా ఫొటో తీయండి. షాపువాళ్లు హ్యాంగర్ విప్పినప్పుడు బోల్టు రంధ్రం ఫొటో కూడా. వాళ్ల కొలతలు కాగితం మీద రాయించుకుని డీలర్‌కీ, యాక్సిల్ చేసిన కంపెనీకీ కలిపి పంపండి.

వేణు_ప్లేనో
పంపండి, నేను కాదనను. దాంతోపాటు ఒక్కో చక్రం కింద తూకం పెట్టి నాలుగు అంకెలూ ఇక్కడ రాయండి. కుడివైపు ఒక్కటైనా 1,760 దాటిందా లేదా?

రమణ_ఆటోనగర్
దాటినా సరే, అది ఎడమ టైరు బయటి అంచుని అరగదీయదు.