ద్రావణం చిక్కబడగానే బీడ్ గంతులేస్తోంది. తప్పు మెషీన్‌దా, నాదా?

ప్రశ్న (పీజీ ప్రాజెక్ట్ విద్యార్థిని)

మాగ్నెటిక్ స్టిర్రర్ (ప్లేటు మీద పెట్టిన ద్రవాన్ని వేడిచేస్తూ కలిపే మెషీన్) మీద 400 మి.లీ. నీళ్లలో 40 గ్రాముల పీవీఏ (పాలీవినైల్ ఆల్కహాల్ అనే పాలిమర్ పొడి) కరిగించాలి. 500 మి.లీ. బీకర్, 25 మి.మీ. మాగ్నెటిక్ బీడ్ (ద్రవంలో వేస్తే తిరుగుతూ కలిపే చిన్న అయస్కాంతపు కడ్డీ), వేగం 700 ఆర్పీఎం. మొదట్లో బుద్ధిగా తిరుగుతుంది, మధ్యలో సుడి కూడా పడుతుంది. వేడెక్కి చిక్కబడటం మొదలైందా, ఇక టకటకమని గాజుకు కొట్టుకుంటూ ఓ పక్కకు పోయి వణుకుతూ కూర్చుంటుంది. వేగం పెంచితే ఇంకా ఎగురుతోంది. పైగా డిస్‌ప్లేలో 90 పెట్టి గంటైనా థర్మామీటరు 68 దాటలేదు. అడుగున పొడి ఉండలు కట్టింది. మోటార్ పోయిందని సీనియర్లు అంటున్నారు. రేపు గైడ్‌కి చూపించాలి, టెన్షన్‌గా ఉంది.

జవాబు 1

పీవీఏకి మాగ్నెటిక్ స్టిర్రర్ ఏమిటండీ? పైనుంచి రాడ్‌తో తిప్పే ఓవర్‌హెడ్ స్టిర్రర్ దొరికితే వాడుకోండి.

జవాబు 2 (ల్యాబ్ టెక్నీషియన్)

అది లేకే కదా అడుగుతోంది! అమ్మాయ్, మోటార్ జోలికి ఇప్పుడే పోవద్దు. మోటార్ తిప్పేది ప్లేటు కిందున్న అయస్కాంతాన్ని. బీడ్ దాని వెంట పోతుంది, అంతే. ద్రవం చిక్కబడి, కింది అయస్కాంతం పట్టు చాలకపోతే బీడ్ వెనకబడుతుంది. అప్పుడు కింద అయస్కాంతం తిరుగుతూ దాన్ని ఒకసారి లాగుతుంది, ఒకసారి నెడుతుంది. నువ్వు వినే టకటక అదే. డిస్‌ప్లేలో 700 అన్నది మోటార్ లెక్క, బీడ్ ఆగిపోయినా ఆ అంకె మారదు.

బీడ్ జారితే నాబ్ సున్నాకి తెచ్చి, అది మధ్యకు వచ్చి నిలబడ్డాక నెమ్మదిగా పెంచు. నీకు 250 చాలు. సుడి చూడ్డానికి బాగుంటుంది గానీ, పీవీఏలో నురగ తెస్తుంది.

బలహీనపడింది ఏదో తేల్చడానికి ప్లేటు చల్లగా ఉన్నప్పుడు, మామూలు నీళ్లతో ఒక పని చెయ్. బీకర్ కింద ఒక్కో అట్టముక్క పెడుతూ పో. ఎన్నో ముక్కకు బీడ్ జారిందో రాసుకో. అదే సైజులో ఇంకో మంచి బీడ్‌తో, అదే వేగంతో మళ్లీ చూడు. రెండూ తొందరగానే జారితే కింది అయస్కాంతాన్ని అనుమానించాలి. మా దగ్గర ఒక ప్లేటును రాత్రంతా ఫుల్ వేడిలో వదిలేశారు. ఆ తర్వాత నీళ్లలో కూడా 400 దాటితే బీడ్ జారేది. విప్పి చూస్తే మోటార్ నిక్షేపంలా ఉంది, అయస్కాంతమే నీరసించింది.

ఇక ఆ 90 ప్లేటు వేడి, నీళ్లది కాదు. మూత లేని బీకర్ పైనుంచీ పక్కలనుంచీ వేడి పోగొట్టుకుంటూనే ఉంటుంది. వాచ్ గ్లాస్ మూత పెట్టు, ప్రోబ్ (ద్రవం వేడిని కొలిచి ప్లేటుకు చెప్పే సెన్సర్ కడ్డీ) ఉంటే ద్రవంలో ఉంచు. వాటర్ బాత్‌లో (వేడినీళ్ల గిన్నెలో) బీకర్ పెడితే బీడ్ అయస్కాంతానికి ఇంకా దూరమవుతుంది, అందుకే వద్దంటున్నా. పొడి మాత్రం చల్లని నీళ్లలోనే చల్లుతూ కలిపి, ఆ తర్వాతే వేడి చెయ్. వేడి నీళ్లలో పోస్తే ఉండలు కట్టక ఏం చేస్తుంది?

జవాబు 3

ప్రోబ్ పెడితే స్టాండుకు గట్టిగా బిగించండి. నేనోసారి బీకర్ తీసేసి ప్రోబ్‌ను బల్ల మీదే వదిలి ఫోన్ మాట్లాడటానికి వెళ్లాను. అది గది వేడిని చూసి, ఇంకా చల్లగానే ఉందనుకుని ప్లేటును కాలుస్తూనే ఉంది. వచ్చేసరికి పక్కనున్న ప్లాస్టిక్ ట్రే అంచు వంగిపోయింది.

ప్రశ్న అడిగిన అమ్మాయి

అట్టముక్కల పరీక్ష చేశాను సార్. నా బీడ్ రెండో ముక్కకే జారింది, పక్క ల్యాబ్‌లో తెచ్చింది ఆరో ముక్క దాకా నిలబడింది. అంటే బీడే! 40 మి.మీ. బీడ్ వేసి, 250తో, మూత పెట్టి చేశాను. ప్రోబ్ 88 చూపించాక గంటకు ద్రావణం తేటగా వచ్చింది. ఇప్పుడు బీడ్ అడుగున ఉంది, వేలు పెట్టలేను. ఎలా తీయను?

జవాబు 2 (ల్యాబ్ టెక్నీషియన్)

వేడి చేతికి తగలని గ్లోవ్ వేసుకుని, ఇంకో బీడ్‌ను బయటినుంచి గాజుకు ఆనించి పైకి జరుపు. లోపలిది దాని వెంటే వస్తుంది. అంచు దగ్గర ఫోర్సెప్స్‌తో పట్టుకో. వేడిగా ఉండగానే నీళ్లలో వెయ్, ఎండితే గీకలేక చస్తావ్.