అట్టర్ ఫ్లాప్ ఉంది గానీ అట్టర్ హిట్ లేదేం?

మా అబ్బాయి ఆరో తరగతి. 'వెరీ'కి బదులు వాడమని బళ్లో ఒక కాగితం ఇచ్చారు: ఎక్స్‌ట్రీమ్లీ, హైలీ, డీప్లీ, క్వైట్, రాదర్, టెరిబ్లీ, అట్టర్లీ... మావాడు వాళ్ల అమ్మమ్మ మీద వ్యాసంలో 'షీ ఈజ్ అట్టర్లీ కైండ్' అని రాశాడు. ఎర్ర సిరాతో సున్నా చుట్టి పంపారు. ఎందుకో చెప్పలేదు. నాకూ తెలీదు. ఇవన్నీ 'చాలా'యే కదండీ?

—

అమ్మా, మీ జవాబు సినిమా హాలు గేటు దగ్గరే ఉంది. సినిమా పోతే 'అట్టర్ ఫ్లాప్' అంటాం. ఆడితే 'అట్టర్ హిట్' అని ఎవరైనా అనగా విన్నారా? ఇంగ్లీషు ముక్క రానివాళ్లు కూడా అనరు. ఆ మాట మన దగ్గరికి వస్తూ తన బుద్ధి కూడా మూటగట్టుకుని వచ్చింది. అట్టర్లీ పక్కన ఎక్కువగా చేరేవి యూజ్‌లెస్, రిడిక్యులస్, హోప్‌లెస్ లాంటి చెడ్డ సావాసాలే.

మన మాటలకు మాత్రం ఈ పట్టింపు లేదా? కటిక చీకటి అంటాం, కటిక దరిద్రం అంటాం. కటిక వెన్నెల అనం. మొట్టమొదట, చిట్టచివర. ఎవరైనా 'చిట్టమొదట' అంటే చంటిపిల్లలు కూడా నవ్వుతారు. ఇంగ్లీషులోనూ అంతే. చలికి బిటర్లీ కోల్డ్, ఎండకు బిటర్లీ రాదు. సిగ్గుకీ విచారానికీ డీప్లీ. చదువుకీ జీతానికీ హైలీ. పొడుగాటి మనిషిని 'హైలీ టాల్' అంటే చెల్లదు. నిద్రపోతే ఫాస్ట్ అస్లీప్, మేలుకుంటే వైడ్ అవేక్. ఇక్కడ ఫాస్ట్ అంటే వేగం కాదు, గట్టిగా అని, మన గాఢనిద్రలో గాఢం లాగా. బదులు మాటల జాబితా ఇచ్చేవాళ్లు ఏది దేని పక్కన కూర్చుంటుందో చెప్పకపోతే, ఆ కాగితం పకోడీల పొట్లానికి తప్ప ఎందుకూ పనికిరాదు.

ఆ వరసలో అన్నిటికన్నా పెద్ద ప్రమాదం క్వైట్. బ్రిటిష్ వాళ్ల నోట 'క్వైట్ గుడ్' తరచుగా 'ఫర్వాలేదు'. అమెరికా వాళ్ల నోట అదే 'బాగా ఉంది'కి దగ్గర. మళ్లీ ఆ బ్రిటిష్ వాళ్లే 'క్వైట్ ఇంపాసిబుల్' అంటే నూటికి నూరుపాళ్లూ కుదరదని! కిటుకు పక్కనున్న మాటలో ఉంది. మంచికి హెచ్చుతగ్గులున్నాయి, అసాధ్యానికి లేవు. అందుకే 'వెరీ ఇంపాసిబుల్' అనకూడదు, 'అబ్సల్యూట్లీ' వేయాలి. 'వెరీ ఎక్సలెంట్' కూడా అంతే. మనం 'చాలా అద్భుతం' అని ధారాళంగా అనేస్తాం కాబట్టి అక్కడ జారిపడతాం.

—

మాస్టారూ, నేను ఇంగ్లండ్‌లో, లీడ్స్‌లో ఉంటాను. కొత్తలో మా మేనేజరు నా రిపోర్టు చూసి 'క్వైట్ గుడ్' అన్నాడు. ఇంటికి వెళ్లి సేమ్యా పాయసం కూడా చేసుకున్నాం. ఆర్నెల్ల తర్వాత అప్రైజల్‌లో తెలిసింది ఆ పాయసం దండగని. ఇంకోసారి కొలీగ్ కేకు తెచ్చింది. మెచ్చుకుందామని 'టూ స్వీట్!' అన్నాను. పాపం, చక్కెర ఎక్కువైందా అని ప్లేటు వెనక్కి తీసుకుంది.

—

టూ అంటే 'మరీ' బాబూ. 'మరీ తియ్యగా ఉంది' అని ఇక్కడ మీ అత్తగారితో అని చూడండి, ప్లేటు వెనక్కే పోతుంది. మనదేశంలో 'టూ గుడ్' మెచ్చుకోలుగా స్థిరపడిపోయింది. మనలో మనకి ఇబ్బంది లేదు.

ఫెయిర్లీ, రాదర్‌ల సంగతీ ఇలాంటిదే. గది 'ఫెయిర్లీ వార్మ్' అంటే హాయి, 'రాదర్ వార్మ్' అంటే కిటికీ తీయమని.

—

మరి టెరిబ్లీ? 'టెరిబ్లీ కైండ్' అని పాత కథల్లో చదివిన గుర్తు.

—

అనొచ్చమ్మా. భయం లోంచి పుట్టిన మాటే, ఆ భయం అరిగిపోయింది. మన కుర్రాళ్లు 'దారుణంగా నచ్చింది' అనట్లేదూ? 'యమా రుచిగా ఉంది' అంటూ యముణ్ణి కూడా భోజనానికి పిలిచాం. అసలు వెరీయే పాత ఫ్రెంచిలో 'నిజమైన' అన్న మాట. 'ద వెరీ మ్యాన్' అంటే సాక్షాత్తూ ఆ మనిషే అనడంలో ఆ వాసన ఇంకా ఉంది. మన 'చాలా' ఏమో 'చాలు' లోంచి వచ్చింది. వాళ్లు నిజం దగ్గర మొదలుపెట్టారు, మనం సరిపోవడం దగ్గర.

—

అన్నీ బాగానే ఉన్నాయి గానీ మాస్టారూ, 'అట్టర్లీ బటర్లీ డెలిషస్' సంగతేమిటి? అమూల్ వెన్న ఎప్పుడు చెడ్డ సావాసం చేసింది?

—

దొరికిపోయాను. అది బటర్‌తో ప్రాస కోసం పడిన పాటు. మంచి మాటల పక్కన అట్టర్లీ అసలు రాదని కాదు, 'అట్టర్లీ చార్మింగ్' అంటారు. అరుదు, అంతే. అబ్బాయి రాసింది పూర్తి తప్పని నేననను. సున్నా చుట్టినవారు పక్కన ఒక్క ముక్క రాసి ఉండాల్సింది.

—

ఇదంతా వాడికి చదివి వినిపించానండీ. అట్టర్లీ కొట్టేసి 'వెరీ వెరీ కైండ్' అని రాసుకున్నాడు. రెండెందుకురా అంటే, 'అమ్మమ్మ కదా' అన్నాడు.