సముద్రం దాటి వెళ్లి ఉగాది చూడటం కూడా ప్రయాణమేనా?

గోదావరి గట్టు:
ఉగాదికి మారిషస్ వెళ్లాలని ఇంట్లో అనుకుంటున్నాం. అక్కడ ఉగాది ప్రభుత్వ సెలవు దినం. సింహాద్రి అప్పన్న పూజ, దీపం చుట్టూ తిరుగుతూ పాడే రామభజన చూడాలని నాకు ఎప్పటినుంచో కోరిక. మా బావగారు మాత్రం "ఉగాది పచ్చడి కోసం విమానం ఎక్కాలా?" అని ఎగతాళి చేస్తున్నారు. పరాయి దేశం వెళ్లి మనవాళ్లనే వెతుక్కుంటే ఆ దేశాన్ని చూసినట్టా, చూడనట్టా? మీ అభిప్రాయాలు చెప్పండి.

ఉప్పుగాలి:
చూడనట్టే. నిష్ఠూరమైనా ఇదే నా మాట. మన బృందాలు అక్కడేం చేస్తాయో తెలుసు కదా. గంగాతలావ్ సరస్సు దగ్గర శివుడి బ్రహ్మాండమైన విగ్రహం ముందు ఫొటో, ఒక తెలుగు గుడి, రాత్రికి పప్పన్నం దొరికే హోటలు, మర్నాడు పడవ షికారు. ఆ ద్వీపానికి సొంతమైన సెగా పాట ఒక్కటైనా చెవిన పడకుండానే తిరిగి వచ్చేస్తారు.

సెగా ఆఫ్రికా నుంచి, మడగాస్కర్ నుంచి బానిసలుగా తెచ్చినవారు పుట్టించిన పాట, ఆట. రవాన్ అనే మేకతోలు వాద్యాన్ని నిప్పు సెగ చూపించి బిగువు తెచ్చుకుని వాయిస్తారు. గింజలు నింపిన మరవాన్, ఇనుప త్రిభుజం దానికి తోడు. 2014లో యునెస్కో దీన్ని మానవాళి వారసత్వ జాబితాలో చేర్చింది. బానిసత్వం రద్దయిన ఫిబ్రవరి 1 కూడా అక్కడ సెలవే. ఆ తేదీ చూసుకుని టికెట్టు కొన్న తెలుగువాడు ఎవరైనా ఉన్నారా?

పాత కాగితాలు:
ఉప్పుగాలి గారూ, సెగా గురించి మీరు చెప్పిందంతా ఒప్పుకుంటాను. దాన్నిబట్టి మీరు తేల్చిన తీర్పునే ఒప్పుకోలేను.

మన ఉగాది అక్కడికి ఎలా చేరిందో చూడండి. 1835లో బానిసత్వం రద్దయింది. ఆ రద్దు దగ్గరపడుతున్నప్పుడే చెరకు తోటల యజమానులకు చవకగా పనిచేసే చేతులు కావలసి వచ్చాయి. అందుకే భారతదేశం నుంచి ఒప్పంద కూలీలను తెప్పించారు. 1834 నుంచి 1920 వరకు దాదాపు ఐదు లక్షల మంది వెళ్లారు. అందులో మన కాకినాడ పక్కనున్న కోరంగి రేవులో ఓడ ఎక్కినవారూ ఉన్నారు. బానిసల కథ ఆగిన చోటే కూలీల కథ మొదలైంది. మరి ఒకటి ఆ దేశానిది, రెండోది మనదీ ఎలా అవుతుంది?

యునెస్కో గుర్తించిన స్థలాలు అక్కడ రెండు ఉన్నాయి. కూలీలు దిగిన ఆప్రవాసీ ఘాట్ రాజధాని పోర్ట్ లూయిస్‌లో ఉంది, 2006లో గుర్తించారు. పారిపోయిన బానిసలు తలదాచుకున్న ల మోర్న్ కొండను 2008లో గుర్తించారు. గోదావరి గట్టు గారు రెండూ చూస్తే ఉగాది నాటి రామభజన చెవికి వేరుగా వినిపిస్తుంది. ఊరికే గుడికి వెళ్లి వస్తే మాత్రం వాళ్ల బావగారి మాటే నిజం.

శాకాహారి బాటసారి:
చర్చ మధ్యలో తిండి గొడవ తెస్తున్నందుకు ఏమీ అనుకోకండి. మాంసం, చేప ముట్టనివాళ్లకు అక్కడ హోటలు పప్పన్నమే గతి అంటారు, నిజమేనా?

పోర్ట్ లూయిస్ వాసి:
నేను ఇక్కడే పుట్టిన తెలుగువాడిని. నా తెలుగు బడిలో నేర్చుకున్నది. ఇంట్లో ఇక్కడి జనభాష క్రియోల్ మాట్లాడతాం.

ముందు తిండి సంగతి. శాకాహారి గారూ, వీధిలోకి రండి చాలు. ఉడికించి రుబ్బిన పసుపు బఠాణీ పప్పు కూరి చేసే పల్చని దాల్‌పూరీలు జతగా ఇస్తారు. పెద్ద చిక్కుడు గింజల కూర, టమాటా రుగాయ్, కొత్తిమీర పచ్చడి, పచ్చిమిరప కారం పూసి చుడతారు. పప్పుతో, మిరపకాయలతో చేసే గాతో పిమాన్ మీ మసాలా వడకు తోబుట్టువు. దాన్ని వెన్న రాసిన రొట్టెలో పెట్టుకుని పొద్దున్నే తింటాం. దాహానికి సబ్జా గింజలు వేసిన చల్లని పాల అలూదా తాగండి. దాల్‌పూరీ ఉత్తరాది కూలీలతో వచ్చింది, రుగాయ్ క్రియోల్ వంట. రెండూ ఒకే కాగితంలో చుట్టి ఇస్తారు. కొనేవాడి కులం, మతం ఎవరూ అడగరు.

ఇక చర్చ. మీరందరూ "మన" ఉగాది, "వాళ్ల" సెగా అంటున్నారు. ఆ గీత ఎవరు గీశారు? మా పెళ్లిళ్లలో మంగళసూత్రం ఉంటుంది, అరటాకులో ఏడు కూరల భోజనం ఉంటుంది, తర్వాత సెగా కూడా మోగుతుంది. మా తాత రామభజనలో పాడేవారు, సెగాకు ఆడేవారు.

ఇంకో మాట కూడా చెప్పాలి. మీ దగ్గర నుంచి వచ్చేవారిలో కొందరు మా పూజలోకి ఫోను పైకెత్తి వస్తారు. మా తెలుగుకు అక్కడికక్కడే పరీక్ష పెడతారు, తడబడితే జాలిపడతారు. నూరేళ్లనాటి ఆంధ్ర గ్రామాన్ని భద్రపరిచి చూపించడం మా పని కాదు. భజన పాటలు తరతరాలుగా నోటి నుంచి నోటికి వచ్చాయి. దారిలో మారాయి కూడా. వాటిలో తప్పులు దిద్దడానికి మాత్రం రాకండి.

ఉప్పుగాలి:
పోర్ట్ లూయిస్ వాసి గారూ, మీ ఇంట్లో గీత లేదు, సంతోషం. కానీ నాలుగైదు రోజులకు వచ్చే ప్రయాణికుడిని మీ పెళ్లికి ఎవరు పిలుస్తారు? అతనికి ఉన్న తలుపులు రెండే, గుడి, హోటలు. గుడికి వెళ్తే తనను తాను చూసుకుంటాడు. హోటల్లో భోజనాల మధ్య రంగురంగుల పావడాలతో అరగంట సెగా చూపిస్తారు. దాన్ని సెగా అనడానికి నాకు మనసొప్పదు.

పోర్ట్ లూయిస్ వాసి:
హోటలు ఆటను అంత తేలిగ్గా తీసిపారేయకండి. నాకు తెలిసిన రవాన్ కళాకారుడికి ఇల్లు గడిచేది ఆ అరగంటతోనే. అక్కడ సంపాదించి, ఆదివారం తన ఊళ్లో తనకు నచ్చినట్టు వాయిస్తాడు. మూడో తలుపు కూడా ఉంది. సెలవు రోజుల్లో ఫ్లిక్ ఆన్ ఫ్లాక్ వంటి బీచ్‌లకు కుటుంబాలు వంటపాత్రలతో సహా వచ్చి చెట్ల కింద కూర్చుంటాయి. ఎవరో ఒకరు వాద్యం తీస్తారు. అక్కడికి వెళ్లడానికి పిలుపు అక్కర్లేదు.

పాత కాగితాలు:
గోదావరి గట్టు గారికి తేదీల సంగతి ఒకటి. మార్చి 12 మారిషస్ స్వాతంత్ర్య దినం. 1968లో ఆ రోజునే స్వతంత్రమైంది, 1992లో అదే తేదీన గణతంత్రమైంది. ఉగాది మార్చి మధ్యకు దగ్గరగా పడే ఏడాది రెండూ ఒకే ప్రయాణంలో చూడొచ్చు. కాకపోతే అది తుపాన్ల కాలం. తిరుగు ప్రయాణానికి ఒకటి రెండు రోజులు అదనంగా ఉంచుకోండి.

గోదావరి గట్టు:
అందరికీ నమస్కారం. మార్చి 12 ఆలోచన బాగుంది, సెలవు కాగితం రాస్తున్నాను. ఉప్పుగాలి గారూ, ల మోర్న్ కొండ ఎక్కడానికి మా అమ్మగారి మోకాళ్లు ఒప్పుకోవు. కింద తీరం నుంచి చూస్తే మీ లెక్కలో చూసినట్టేనా?

ఉప్పుగాలి:
అమ్మగారికి చాలు. మీరు మాత్రం ఎక్కండి.