గుర్రపు డెక్కతో నీటిలోని క్రోమియం, నికెల్ పోతాయా?

ప్రశ్న: లోహపు పూత వేసే చోటు నుంచి వచ్చే కడుగు నీరు ఒక కుంటలో నిలుస్తోంది. పరీక్ష చేయిస్తే అందులో క్రోమియం, నికెల్ ఉన్నాయని తేలింది. కుంటలో గుర్రపు డెక్క పెంచితే అవి పోతాయని విన్నాను. నిజమేనా? తీసిన మొక్కను పశువులకు వేయవచ్చునా? తెలిసినవారు చెప్పగలరు.

సమాధానం: పశువులకు మాత్రం ఎట్టి పరిస్థితిలోనూ వేయకండి, ఎరువుగా మాగబెట్టినా లోహం ఎరువులోనే ఉండి పొలానికి చేరుతుంది.

ఇక మొదటి ప్రశ్నకు వస్తే, లోహం మూలకం కనుక దానిని ఏ జీవీ విడగొట్టలేదు. మొక్క చేసేదల్లా నీటిలో కరిగిన లోహాన్ని తనలోకి చేర్చుకోవడమే. గుర్రపు డెక్కను పైకెత్తి చూస్తే కింద ఈకల్లా విప్పారిన నల్లని పీచువేళ్లు కనిపిస్తాయి. క్రోమియంలో అధిక భాగం అక్కడే ఆగిపోతుంది, ఆకులకు చేరేది స్వల్పం. అందువలన పైపైన కోస్తే ప్రయోజనం లేదు. వేళ్లతో సహా, అదీ కుళ్లు మొదలుకాక ముందే తీయాలి, ఎందుకంటే చచ్చిన మొక్క తాను పట్టినదాన్ని తిరిగి నీటికే వదిలేస్తుంది. మొక్క బరువులో 90 శాతానికి పైగా నీరే కాబట్టి, ఊట నేలలోకి ఇంకని గచ్చు మీద ఆరబెట్టి, ప్రమాదకర వ్యర్థాలను తీసుకునే కేంద్రానికి అప్పగించాలి. ఆరుబయట తగలబెడితే బూడిదలో లోహం మరింత చిక్కబడుతుంది.

అయితే పూత పని నీటిలోకి నేరుగా మొక్కలను దించడం నా దృష్టిలో వృథా ప్రయాస; గాఢత, ఆమ్లత్వం ఎక్కువైతే మొక్కలే చస్తాయి. ముందుగా క్రోమియంలోని విషపూరితమైన రూపం క్రోమియం-6ను రసాయనికంగా అంత విషం కాని క్రోమియం-3గా మార్చి, సున్నంతో పిహెచ్ (నీటి ఆమ్ల-క్షార స్థాయి) పెంచి మడ్డిగా దించాలి. ఆ తరువాత మిగిలే కొద్దిపాటి లోహానికే మొక్కలు. ఆ కుంటకు కాలువతో సంబంధం ఉంటే గుర్రపు డెక్కను తేనే తేవద్దు, అది అదుపు తప్పి అల్లుకుపోతుంది.

అనుబంధ ప్రశ్న: అడుగు బురదలో చేరిన లోహం సంగతి ఏమిటి?

సమాధానం: నీటిపై తేలే మొక్క వేళ్లకు అది అందదు. బురదలో పాతుకునే జమ్ము కొంత మేలు. గాలి చొరని ఆ బురదలో సల్ఫేటును క్షయీకరించే (అంటే దానిని సల్ఫైడుగా మార్చే) సూక్ష్మజీవులు నికెల్‌ను కరగని సల్ఫైడుగా బంధిస్తాయి, కనుక అక్కడ ఎక్కువ పని వాటిదే. బురద ఎండితే మాత్రం గాలి తగిలి ఆ సల్ఫైడు మళ్లీ కరుగుతుంది కాబట్టి, వేసవిలోనూ కుంటలో నీరు నిలిచి ఉండేలా చూడండి.