స్టాండింగ్ కమిటీ రిపోర్టు రాస్తే మా బడికి తెలుగు మాస్టారు వస్తాడా?

కిమిడి కుర్రోడు:
మాది ఒడిశాలో పర్లాకిమిడి పక్క పల్లె. మా బడిలో తెలుగు చెప్పే మాస్టారు రిటైరయ్యి మూడేళ్ళవుతోంది, ఆ పోస్టులోకి ఇంకెవర్నీ వెయ్యలేదు, పిల్లలు ఇంటికాడ తెలుగు మాటాడి బడిలో ఒడియా రాసుకుంటన్నారు. మొన్న టీ కొట్టుకాడ ఒకాయన, ఢిల్లీలో పార్లమెంటు విద్యా కమిటీ ఉంది కదా దానికి అర్జీ పెడితే ప్రభుత్వాన్ని నిలదీస్తారు అన్నాడు. పక్కనున్నాయన నవ్వేసి, అదంతా టీ బిస్కట్ల కమిటీరా, రిపోర్టు రాసి అటకెక్కిస్తారు అన్నాడు. ఏది నిజం? తెలిసినోళ్ళు చెప్పండి, తిట్టుకోకండి.

బరంపురం తాతగారు:
బాబూ, ఇద్దరూ సగం సగం చెప్పారు. ఒక్కో శాఖ పనిని ఎంపీలు కూచుని చూసే ఈ స్టాండింగ్ కమిటీలు 1993లో పెట్టారు, మొదట 17, 2004లో 24 అయ్యాయి. ఒక్కోదాంట్లో 31 మంది, లోక్‌సభ నుంచి 21, రాజ్యసభ నుంచి 10, మంత్రి అయినవాడికి అందులో చోటు లేదు. విద్యది రాజ్యసభ కింద నడుస్తుంది, మహిళలు, పిల్లలు, యువజనులు, క్రీడలు కూడా దాని నెత్తినే పెట్టారు. బడ్జెట్ పెట్టాక సభకి విరామం ఇస్తారు చూడు, అప్పుడు విద్యాశాఖ అడిగిన డబ్బుని పద్దు పద్దుగా చూస్తారు. సెక్రటరీ అంతటివాడు వచ్చి కూచుని పోయినేడాది ఇచ్చింది ఎందుకు ఖర్చు కాలేదో చెప్పుకోవాలి. రిపోర్టు సభలో పెట్టాక మూడు నెలల్లో ఏ సిఫార్సు మీద ఏం చేశారో శాఖ రాసివ్వాలి. ఆ జవాబు నచ్చకపోతే నచ్చలేదని కమిటీ మళ్ళీ అచ్చేస్తుంది. నేను ఆఫీసులో ముప్పై ఏళ్ళు ఫైళ్ళు మోసినవాణ్ణి, రాతలో జవాబు చెప్పాలంటే గుమాస్తా దగ్గర్నుంచి పైదాకా అందరికీ చెమటలు పడతాయి.

సిరోంచ గోదారొడ్డు:
తాతా నమస్తే గని చెమటలు పట్టుడు వేరు పని అవుడు వేరు. కమిటీ చెప్పింది చెయ్యాలని రూలే లేదు, సిఫార్సు మాత్రమే. కమిటీ కాలం ఏడాదే, మళ్ళ కొత్తగ వేస్తరు, సబ్జెక్టు అర్థమయ్యేసరికి ఆ సభ్యుడు ఇంకో కమిటీల ఉంటడు. బిల్లులు కూడ పంపుతలేరు. 15వ లోక్‌సభల (2009-14) నూటికి 71 బిల్లులు కమిటీలకు పోతే 17వ దాంట్ల (2019-24) 16 పోయినయ్. ఇగ కొత్త విద్యా విధానం సంగతి చూడు, 2020 జులై 29న కేబినెట్ ఓకే చేసింది, అది బిల్లే కాదు కాబట్టి పార్లమెంటుల ఓటే లేదు. దేశంల పిల్లలందరి చదువు మార్చే కాగితం మీద ఒక్క ఎంపీ చెయ్యెత్తలే. ఇంక దేన్ని నిలదీస్తరు?

రాయగడ టీచరమ్మ:
అన్నా నువ్వు చెప్పిన చివరి మాటే కమిటీ ఎందుకు కావాలో చెప్తోంది. పాలసీకి ఓటు లేదు సరే, కానీ పాలసీ నడవాలంటే డబ్బు కావాలి, డబ్బుకి మాత్రం సభ ముందుకి రావాల్సిందే, అక్కడ కమిటీకి చెయ్యి తగులుతుంది. 2025 మార్చిలో ఏమయింది? పీఎం శ్రీ అని ఎంచుకున్న బడుల్ని బాగుచేసే కేంద్ర పథకం, దాని ఒప్పందం మీద సంతకం పెట్టలేదని తమిళనాడు, కేరళ, బెంగాల్‌కి సమగ్ర శిక్ష డబ్బులు, అంటే బడుల కోసం కేంద్రం రాష్ట్రాలకిచ్చే డబ్బులు, ఆపేశారు కదా, ఒక పథకం ఒప్పుకోలేదని ఇంకో పథకం డబ్బు ఆపడం సరికాదు ఇచ్చెయ్యండి అని ఈ కమిటీయే రాసింది. అప్పటి ఛైర్మన్ దిగ్విజయ్ సింగ్ కాంగ్రెస్ మనిషే, కానీ కమిటీలో అధికార కూటమి వాళ్ళే ఎక్కువమంది. తలుపులు మూసి కూచుంటారు, టీవీ ఉండదు, అందుకే అలాంటి మాట బయటికొచ్చింది అని నా నమ్మకం.

సిరోంచ గోదారొడ్డు:
రాసిండ్రు అక్కా, రాసినంక డబ్బులు వచ్చినయా? మే నెలల తమిళనాడు సుప్రీంకోర్టు మెట్లెక్కింది. మా మహారాష్ట్ర ముచ్చట చెప్తా విను. 2025 ఏప్రిల్‌ల ఒకటో తరగతి నుంచే హిందీ మూడో భాష అని ఆర్డరు తీసిండ్రు. జనం గొడవ చేస్తే జూన్ అయిపోకముందే వాపస్ తీసుకున్నరు. ఏ కమిటీ చేసింది ఆ పని? రోడ్డు చేసింది.

రాయగడ టీచరమ్మ:
రోడ్డెక్కింది మరాఠీ వాళ్ళన్నా, కోట్లమంది. సిరోంచ తెలుగు పిల్లల కోసం ముంబైలో ఎవడు రోడ్డెక్కుతాడు చెప్పు? మా రాయగడ వాళ్ళ కోసం భువనేశ్వర్‌లో ఎవరున్నారు? మనం ఎమ్మెల్యేకి గట్టిగా పదివేల ఓట్లం, అదీ అన్ని ఊళ్ళోనూ కాదు. అందుకే కాగితం పట్టుకోమంటున్నా.

సిరోంచ గోదారొడ్డు:
గిది మాత్రం నిజం. ఒప్పుకుంటున్న. గోదారి దాటితే కాళేశ్వరం, అక్కడ మా చుట్టాల పిల్లలు తెలుగుల పరీక్ష రాస్తరు, ఇవతల మా పిల్లలు మరాఠీల రాస్తరు, పెండ్లిపత్రిక మాత్రం ఇద్దరు తెలుగులనే కొట్టిస్తరు, మా చిన్నోడు దాన్ని చదవలేక నా చేతికిస్తడు.

బరంపురం తాతగారు:
ఒకటి మర్చిపోతున్నారు మీరంతా. మాస్టారు పోస్టు వేసేది ఒడిశా ప్రభుత్వం. 1976లో 42వ సవరణతో చదువు, కేంద్రం రాష్ట్రం రెండూ చట్టాలు చెయ్యగల ఉమ్మడి జాబితాలోకి వచ్చింది గానీ నియామకాలు రాష్ట్రం చేతిలోనే ఉన్నాయి. పార్లమెంటు కమిటీ ఢిల్లీ శాఖని అడుగుతుంది, భువనేశ్వర్‌ని గద్దించలేదు, రోజువారీ పాలన జోలికి అసలు పోకూడదని దాని రూలే చెప్తోంది. "మా ఊరికి మాస్టార్ని వెయ్యండి" అని రాస్తే చెత్తబుట్టే. రాజ్యాంగంలో 350ఏ అధికరణం ఉంది, 1956లో చేర్చారు, భాషా మైనారిటీ పిల్లలకి ప్రాథమిక చదువు తల్లిభాషలో దొరికేలా రాష్ట్రం చూడాలని. సమగ్ర శిక్షలో నూటికి 60 కేంద్రానిదే. ఈ రెండూ కలిపి, మీరిచ్చే డబ్బులో 350ఏ ఎక్కడుందయ్యా అని అడిగించాలి. అది పాలసీ ప్రశ్న, దానికి శాఖ జవాబు చెప్పి తీరాలి.

కిమిడి కుర్రోడు:
తాతా ఏటి నువ్వు ఇంత తెలిసి ఇన్నాళ్ళూ ఊరుకున్నావు! మరి 350బీ అని భాషా మైనారిటీల కమిషనర్ ఉన్నాడంట కదా, ఆయనకి రాస్తేనో?

రాయగడ టీచరమ్మ:
రాయి తమ్ముడూ, ఆయన రిపోర్టు కూడా పార్లమెంటులో పెట్టాల్సిందే. కానీ ఆ ఆఫీసు మైనారిటీ వ్యవహారాల శాఖ కింద ఉంది, ఆ శాఖని చూసేది సామాజిక న్యాయం కమిటీ. బడి ఒక కమిటీది, భాష ఇంకో కమిటీది. వీళ్ళని అడిగితే వాళ్ళంటారు వాళ్ళని అడిగితే వీళ్ళంటారు, నాకు ఒళ్ళు మండేది అక్కడే. రెండింటికీ ఒకే కాగితం పంపు.

సిరోంచ గోదారొడ్డు:
ఒక సంగతి తమ్మీ. మీ పర్లాకిమిడిలనే గిడుగు రామమూర్తి గారు పని చేసిండ్రు కదా, సవర గిరిజన పిల్లలకు వాళ్ళ సవర భాషలనే చదువు చెప్పాలని పుస్తకాలు తయారు చేసి బడులు పెట్టించిండు. 1936ల మీ ఊరు ఒడిశాల కలిస్తే ఊరే వదిలి రాజమండ్రి పోయిండు. గా ఊర్ల తెలుగు పిల్లలు తెలుగు లేక కూసున్నరు అని రాయి అర్జీల, మొదటి పేరల్నే.

బరంపురం తాతగారు:
అది రాయకు బాబూ. రాస్తే సరిహద్దు గొడవ అనుకుంటారు, మిగతాది చదవరు. లెక్కలు రాయి. ఏ తరగతిలో ఎంతమంది, ఇంట్లో ఏ భాష, పోస్టు ఏ తేదీ నుంచి ఖాళీ. మీ గజపతి జిల్లా బరంపురం లోక్‌సభ సీటు కిందకే వస్తుంది, ఎంపీ చేత కూడా ఒక లెటరు పెట్టించు.

సిరోంచ గోదారొడ్డు:
తాతా, గిడుగు పేరు రాస్తే గొడవ అయితదా? గిట్ల భయపడే మనం గీ కాడికొచ్చినం.

కిమిడి కుర్రోడు:
గిడుగుని రెండో పేజీలో పెడతాను, ఇద్దరూ ఊరుకోండి. ఈ రోజు బడికెళ్ళి హాజరు పట్టీ చూశాను. ఒకటి నుంచి అయిదు దాకా 34 మంది, అందులో 27 మంది ఇంటికాడ తెలుగే. హెడ్మాస్టరు సంతకం పెట్టనన్నాడు, ఉద్యోగం భయం, కానీ పట్టీ ఫోటో తీసుకోమని తలుపు దగ్గరగా వేసి బయటికెళ్ళిపోయాడు. తల్లిదండ్రుల సంతకాలు ఆదివారం. అర్జీ ఇంగ్లీషులో రాయాలా తెలుగులో రాయాలా?

రాయగడ టీచరమ్మ:
ఇంగ్లీషులో రాయి, నేను సరిచూస్తా. సంతకాలు మాత్రం తెలుగులో పెట్టించు.