పాత కారులో ఎవరో వేసిన వైర్లు: ముందే పీకేయాలా, ఆచూకీ తెలిశాక తీయాలా?

నీలి_ఎంజీబీ (ప్రశ్న)

నమస్కారం. 1972లో తయారైన నా ఎంజీబీలో (బ్రిటిష్ స్పోర్ట్స్ కారు) డాష్‌బోర్డు కింది భాగాన్ని శుభ్రం చేస్తుండగా, కర్మాగారంలో వేసిన వైర్ల కట్టకు చెందనివి మూడు బయటపడ్డాయి. మొదటిది, ఇంధన పంపుకు వెళ్లే తెల్ల వైరును మధ్యలో తెంపి, దాని రెండు కొసలకూ అతికించిన నల్ల వైర్ల జత. అది కార్పెట్ కిందుగా సీటు వైపు పోతోంది. రెండవది, సీట్ల వెనుకనున్న బ్యాటరీ నుంచి ముందుకు వచ్చి, రేడియో ఉండవలసిన చోట టేపు చుట్టుకొని ఆగిపోయిన లావుపాటి ఎర్ర వైరు. మూడవది, ఊదా వైరుకు నీలం ప్లాస్టిక్ క్లిప్పుతో తగిలించిన సన్నని పసుపు వైరు; దాని రెండవ కొస ఎక్కడుందో కనిపించడం లేదు. కారు బాగానే నడుస్తోంది కానీ, పది రోజులు కదపకుండా ఉంచితే బ్యాటరీ దిగిపోతోంది. అన్నిటినీ కత్తిరించి పారేయమని ఒక మిత్రుడు, ఏది ఏమిటో తేలేవరకు ముట్టుకోవద్దని మరొక మిత్రుడు అంటున్నారు. అనుభవజ్ఞులు సలహా ఇవ్వగలరు.

రాగిపోగు

నా మాట సూటిగా చెబుతాను: ఈ రోజే తీసేయండి. ఆ నీలం క్లిప్పు లోపలి లోహపు పలక ఇన్సులేషన్‌ను చీల్చుకొని రాగిపోగులను పట్టుకుంటుంది కాబట్టి, ఆ క్రమంలో కొన్ని పోగులు తెగుతాయి, ఆ గాటులోంచి తేమ చేరి రాగి ఆకుపచ్చగా మారుతుంది, చివరికి ఆ జాయింటే వేడెక్కుతుంది. ఈ కార్లలో ఫ్యూజులు ఎలాగూ తక్కువ. ఎన్నో సర్క్యూట్లకు అసలు రక్షణే లేదు. అలాంటి కారులో ఎవరు వేశారో, ఎందుకు వేశారో తెలియని వైరును ఉంచుకొని పరిశోధన చేయడం నాకు సమంజసంగా తోచదు. పాత పద్ధతిలోనే అల్లిన కొత్త వైర్ల కట్టలు దొరుకుతున్నాయి, ఒకటి తెచ్చి వేసుకోండి.

పాతదీపం

రాగిపోగు గారి భయం న్యాయమైనదే, క్లిప్పు గురించి వారు చెప్పినది అక్షరసత్యం. అయితే కత్తిరించడం వేరు, విడదీయడం వేరు అన్న తేడా ఇక్కడ చాలా ముఖ్యమని నా నమ్మకం. విడదీయడమంటే వైరును తెంపకుండా కొస విప్పి, ఎక్కడిదో రాసిన చీటీ కట్టి ఉంచడం.

ముందుగా రంగుల సంగతి. బ్రిటిష్ కార్లలో గోధుమ రంగు అంటే బ్యాటరీ నుంచి ఫ్యూజు లేకుండా నిరంతరం కరెంటు ఉండే వైరు, ఊదా అంటే ఫ్యూజు దాటాక నిరంతరం ఉండేది, తెలుపు అంటే ఇగ్నిషన్ తిప్పితేనే వచ్చేది, ఆకుపచ్చ అంటే ఇగ్నిషన్‌తో పాటు ఫ్యూజు కూడా ఉన్నది, నలుపు ఎర్తు (కారు బాడీకి కలిసేది). ఇది కర్మాగారపు వైర్లకు మాత్రమే వర్తిస్తుంది. తరువాత చేయి చేసుకున్న మనిషి తన దగ్గరున్న చుట్టలోంచి ఏది దొరికితే అది వేసి ఉంటాడు. జర్మన్ కార్లలో గోధుమ రంగే ఎర్తు, ట్రైలరు కోసం వెనుక బిగించే ఏడు పిన్నుల సాకెట్టులో తెలుపు ఎర్తు అవుతుంది. కాబట్టి కొత్త వైరు రంగును నమ్మకుండా, అది ఏ పాత వైరు మీద వాలిందో, ఎంత లావుందో, రెండవ కొస ఎక్కడ తేలిందో చూడాలి.

ఆ లెక్కన మీ నల్ల జత దాదాపు ఖాయంగా దొంగల భయంతో పెట్టుకున్న రహస్య స్విచ్చే. అలాంటివి అమర్చేవారు దొంగకు ఏది ఏదో తెలియకూడదని కావాలనే అన్నీ నల్ల వైర్లే వాడతారు. దానిని కత్తిరించి వదిలేస్తే జరిగేది వినండి: కార్బురేటర్ల గిన్నెల్లో మిగిలిన పెట్రోలుతో ఇంజను మామూలుగానే స్టార్టవుతుంది, కారు కొద్ది దూరం పోతుంది, ఆపై నడిరోడ్డు మీద ఆగిపోతుంది. కారణం పంపు అని ఆ క్షణంలో ఎవరికీ తట్టదు. దాన్ని తీయాలంటే తెల్ల వైరు రెండు కొసలనూ తిరిగి సరిగ్గా కలపడంతోనే తీయాలి.

ఎర్ర వైరు విషయంలో మాత్రం నేను ఒక్క పూట కూడా ఆగను. బ్యాటరీ దగ్గర ఫ్యూజు లేదంటే, ఆ టేపు ఊడి కొస బాడీకి తగిలిన క్షణంలో వందల ఆంపియర్లు ప్రవహించి, వైరు పొడవునా ఇన్సులేషన్ కాలుతుంది. అది పోయేది కార్పెట్ కిందుగానే. ముందు బ్యాటరీ ఎర్తు కేబులును తీసి, తరువాత ఎర్ర వైరును బ్యాటరీ వైపు విప్పండి. ముందువైపు కొసను కత్తెరతో ముట్టుకోకండి, కత్తెర బాడీకి తగిలినా అదే ప్రమాదం.

ఇక బ్యాటరీని తాగుతున్నది పసుపు వైరే అని నా అనుమానం, ఎందుకంటే అది నిరంతరం కరెంటు ఉండే ఊదా వైరు మీద వాలింది. మల్టీమీటరును 10 ఆంపియర్ల స్థానంలో ఉంచి, బ్యాటరీ ఎర్తు కొసకూ విప్పిన కేబులుకూ మధ్య కలిపి, తలుపులు మూసి చూడండి. మీటరు అలా ఉన్నంతసేపూ ఇంజనును స్టార్టు చేయకండి. ఎలక్ట్రానిక్ పరికరాలు లేని ఇలాంటి కారులో, గడియారం ఉంటే దాన్ని మినహాయిస్తే, అంకె దాదాపు సున్నా ఉండాలి. 0.15 ఆంపియర్లు పోతున్నా పది రోజులకు 36 ఆంపియర్-గంటలు ఖర్చయినట్లే.

రాగిపోగు

ఎర్ర వైరు మీద మనకు భేదం లేదు. కానీ పాతదీపం గారూ, మీలా మీటరు పట్టి ఓపికగా వెతికేవారు ఎందరు? తేల్చుదామని అనుకొని డాష్‌బోర్డు మూసేసి, మరో పదేళ్లు అలాగే నడిపినవారిని నేను చూశాను. విడదీసి చీటీ కట్టమనడం మంచి సలహా, వాయిదా వేయడానికి మంచి సాకు కూడా. అందుకే ఒక గడువు పెట్టుకోవాలని అంటాను: నెల రోజుల్లో తేలని ప్రతి వైరూ బయటికి రావాలి.

పాతదీపం

గడువు మాటకు నేను ఒప్పుకుంటాను. అయితే బయటికి తీసేటప్పుడు దాని మొదటి కొస దగ్గరి నుంచే తీయాలి. మధ్యలో తెంచిన ముక్క రేపు మరొకరికి ఇంకో చిక్కుముడి అవుతుంది. పాత వైర్ల కట్టలో కొన్ని కార్లకు ఇగ్నిషన్ కాయిల్ కోసం నిరోధకత గల ప్రత్యేక వైరు కూడా ఉంటుంది; చూపుకు మామూలు వైరులాగే ఉండే దానిని ఎవరో అదనంగా వేశారనుకొని మామూలు వైరుతో మార్చితే, తక్కువ వోల్టేజీకి చేసిన కాయిల్‌కు పూర్తి 12 వోల్టులు చేరి అది వేడెక్కి చెడుతుంది.

నీలి_ఎంజీబీ

ఇద్దరికీ కృతజ్ఞతలు. ఎర్ర వైరును బ్యాటరీ దగ్గర విప్పేశాను, దానికి నిజంగానే ఫ్యూజు లేదు. ముందువైపు టేపు చేత్తో తాకగానే పొడిగా రాలిపోయింది. అయినా మీటరులో అంకె తగ్గలేదు, 0.17 ఆంపియర్లే చూపించింది. నీలం క్లిప్పు విప్పి పసుపు వైరును విడదీయగానే సున్నాకు పడింది. దానిని పట్టుకొని వెళ్లగా గ్లోవ్‌బాక్సు వెనుక ఒక రిలే (చిన్న కరెంటుతో పెద్ద కరెంటును నడిపించే స్విచ్చు) దొరికింది. దాని లోపలి కాయిల్‌కు చెందిన 86 అన్న పిన్నుకు పసుపు వైరు, 85కు ఎర్తు ఉన్నాయి. పరికరానికి కరెంటు పంపవలసిన 30, 87 పిన్నులు ఖాళీ. అది నడిపించవలసిన పరికరాన్ని ఎవరో ఎప్పుడో తీసేసి, రిలేను మాత్రం వదిలేశారు. నేను చేయి పెట్టినప్పుడు అది ఇంకా గోరువెచ్చగానే ఉంది. నల్ల జత స్విచ్చు డ్రైవరు సీటు పట్టాల పక్కన దొరికింది. తెల్ల వైరు కొసలను కలిపి దానిని తీసేయాలా, ఫ్యూజు చేర్చి ఉంచుకోవాలా అన్నది మీ ఇద్దరినీ మళ్లీ అడుగుతున్నాను.